మిద్దె మీది పిల్ల కృతజ్ఞతలు

ఆమె మా మిద్దె మీది గదిలోకి దిగిన రోజు ఎండ మండిపోతోంది. ఆటోలోంచి రెండు పెట్టెలు, ఒక గిటారు దించుకుని గుమ్మం ముందు నిలబడింది. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె గటగటా తాగి, చెంబు తిరిగి అమ్మ చేతికిచ్చి, రెండు చేతులూ జోడించి, "కృతజ్ఞతలు అమ్మగారూ" అంది.

మా మక్తల్‌లో ఆ మాట సభల్లో మైకు ముందు తప్ప ఎవరి నోటా విన్నది లేదు. ఆమె మెట్లెక్కి పోయేదాకా ఆగి అమ్మ నన్ను అడిగింది.

"నీళ్లిస్తె దండమెందుకు పెట్టింది?"

"వాళ్ల దేశంల గట్ల చెప్తరేమోనే."

"ఊకెనే ఎవ్వలు దండం పెట్టరు. ఏదో పని పెట్టుకొనే వచ్చింది."

ఆమెది ఫిలిప్పీన్స్. మా ఊరి చర్చిలో యువతీ యువకులతో ఏడాది పాటు పనిచేయడానికి, పుస్తకాల్లో కాస్త తెలుగు నేర్చుకుని వచ్చింది. పాస్టరయ్య మా నాయినతో కలిసి బడికి పోయినాయన. ఒంటరి ఆడపిల్ల, మంచి ఇల్లు కావాలని ఆయన అడిగితే నాయిన కాదనలేకపోయాడు. మేం హిందువులం. కందులు, పత్తి పండించుకునే ఇల్లు మాది. అప్పటిదాకా మతం గురించి ఇంట్లో మాట్లాడుకోవాల్సిన అవసరమే రాలేదు.

అమ్మ భయమంతా నా గురించే. నేనప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్నాను. "నిన్ను వాళ్లల్ల కలుపుకుంటది సూడు. పిలిస్తె పోకు, పెడితె తినకు" అని గట్టిగా చెప్పింది. ఆ వెంటనే, "ఏం జేస్తుందో జర కనిపెడుతుండు" అని కూడా చెప్పింది. రెండో మాటే నాకు నచ్చింది.

కనిపెట్టడానికి పెద్దగా కష్టపడనక్కర లేకపోయింది. ఆమె ఏం చేసినా అందరి ముందే చేసేది. పాలాయనకు కృతజ్ఞతలు, వీధి ఊడ్చే ఆమెకు కృతజ్ఞతలు, ఆటో ఆయనకు కృతజ్ఞతలు. పోయిన కరెంటు తిరిగొస్తే పైనుంచి ఎవరికో ఏదో చెప్పుకోవడం మాకు కిందికి వినిపించేది. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "గంత మంచిగ మాట్లాడుతుందంటె మనసుల ఏదో ఉన్నట్టే" అని తేల్చేసింది. అమ్మకు కావలసింది అదే.

నిజం చెప్పాలంటే నాకూ అనుమానంగానే ఉండేది. సొంత ఊరు, సొంత తిండి వదులుకుని ఈ ఎండల్లోకి వచ్చి, మా ఊరి పిల్లలతో వాలీబాల్ ఆడటంలో ఈమెకేం సుఖం? వచ్చిన నెలలో మా కారం తిని రెండుసార్లు కడుపు చెడగొట్టుకుంది. అప్పుడు అమ్మ మజ్జిగ పంపితే దానికీ కృతజ్ఞతలే. ఇంత మంచితనం వెనక ఏమీ లేకుండా ఉంటుందా?

ఒక ఆదివారం సాయంత్రం వాళ్ల ప్రార్థన కూటానికి వెళ్లాను. వేగు చూసి రావడానికే కాబట్టి అమ్మ ఒప్పుకుంది. చర్చి ఆవరణలో చాపల మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. కాసేపు పాటలయ్యాక, ఆ వారం తమకు మేలనిపించిన సంగతి ఒక్కొక్కరూ చెప్పాలన్నారు. ఒకతను తల్లికి జ్వరం తగ్గిందన్నాడు. ఒకమ్మాయి పంట ఎండకముందే వాన పడిందంది. ఆమె వంతు వచ్చింది.

"మా ఇంటి అమ్మగారు నేను ఎప్పుడు వస్తానో కిటికీలో నుండి చూస్తారు. నేను వచ్చిన తరువాతనే తలుపు వేస్తారు. ఈ దేశంలో నా కోసం చూసే మనిషి ఒకరు ఉన్నారు" అంది, పుస్తకం చదువుతున్నట్టు ఒక్కో మాటా పలుకుతూ.

నేను ఆమె ముఖం వైపే చూస్తున్నాను. అమ్మ ఎందుకు చూస్తోందో ఈమెకు నిజంగా తెలియదా? నేను ఇంటికి పోయి చెప్తానని తెలిసే అలా అందా? ఆ ముఖంలో నాకేమీ దొరకలేదు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఉలిక్కిపడింది. "నేను సూస్తున్నట్టు దానికెట్ల తెలిసె?" అంది. మరునాటి నుంచి వంటింటి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది.

సద్దుల బతుకమ్మ రోజు మా వాకిట్లో ఆడవాళ్లందరూ గునుగు, తంగేడు పూలు కుప్ప పోసుకుని పేరుస్తున్నారు. ఆమె మిద్దె దిగి వచ్చి, "నేను సహాయం చేయవచ్చా?" అని అడిగింది. అమ్మ కొద్దిగా జరిగింది. ఆమె పళ్లెం ముందు కూర్చుని గునుగు పూల కట్టలు ఒక్కొక్కటే వరసలో ఒత్తుగా అమర్చసాగింది. అమ్మ మాత్రం తన పని ఆపేసి ఆమె చేతులే చూస్తూ కూర్చుంది. ఆ వేళ ఎవరో ఫోన్లో ఫోటో తీశారు. రాత్రికల్లా అది ఊరంతా తిరిగింది.

రెండు రోజుల తర్వాత పాస్టరయ్య, ఆయన వెంట సంఘ పెద్ద ఒకాయన మా ఇంటికొచ్చారు. నాయిన చేనుకు పోయాడు. వరండాలో కూర్చున్నారు గానీ ఇచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

"ఒక్క మాట చెల్లె," అన్నాడు పాస్టరయ్య ఇబ్బందిగా. "ఆ పిల్ల బతుకమ్మకు మొక్కిందా?"

అమ్మ జవాబిచ్చేలోపే సంఘ పెద్ద అందుకున్నాడు. "ఫోటో ఉన్నదమ్మా. పళ్లెం ముంగట కూసున్నది. రెండు చేతులు దాని మీదనే ఉన్నయి. గిట్లాంటి మనిషి మా పిల్లలకేం నేర్పుతది? వాపసు పంపియ్యాలంటున్నరు అందరు."

"చేతులు పూల మీద ఉన్నయి," అంది అమ్మ. "మొదటి నుంచి ఆఖరు దాంక నేను సూసిన. గౌరమ్మను పెట్టంగనే లేసి గోడకాడికి పోయింది. చేతులు ఎనకకు పెట్టుకొని నిలవడ్డది. మొక్కలే."

"ప్రసాదం?"

"మలీద ముద్ద నేనే ఇయ్యబోయిన. తినలే. గందుకు నాకు మస్తు కోపమున్నది. కోపమున్నదాన్ని, దాని తరఫున అబద్ధమెందుకు చెప్త?"

సంఘ పెద్ద ఇంకా సందేహంగానే ఉన్నాడు. "గంత మందిల, గంత పక్కాగ ఎట్ల సూసినవమ్మా?"

"మీకంటె నాకే అనుమానమెక్కువ గనుక."

పాస్టరయ్యకు నవ్వు ఆగలేదు. చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి లేచాడు. ఆమెను పంపించే మాట ఆ తర్వాత వినపడలేదు.

వాళ్లు గేటు దాటగానే ఆమె మెట్ల మీంచి దిగి వచ్చింది. అంతా విన్నట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతులు జోడించబోతుంటే అమ్మ కసురుకుంది.

"మళ్ల దండమా? ఇంట్ల ఉండెటోళ్లు ఇంట్లోళ్లకు గిట్ల దండాలు పెడ్తరా? పరాయోళ్ల లెక్క!"

ఆమె చేతులు దించేసి చివరి మెట్టు మీద కూర్చుంది. వచ్చీరాని తెలుగులో, మధ్యలో నా సాయం తీసుకుంటూ, తన తల్లి గురించి చెప్పింది. తల్లి గల్ఫ్‌లో ఒకరింట్లో పనికి కుదిరిందట. ఈమె చిన్నతనమంతా అమ్మమ్మ దగ్గరే గడిచిందట. పనిచేసే ఇంటి వాళ్లు తనకు ఒక్కనాడూ ఒక మంచి మాట చెప్పలేదని తల్లి ఫోన్లో ఏడ్చేదట. అందుకే తాను ఎక్కడున్నా, ఎవరు ఏం చేసిపెట్టినా కృతజ్ఞతలు చెప్పకుండా ఉండలేనంది.

అమ్మ చిన్నప్పుడు మా తాతయ్య, అమ్మమ్మ బొంబాయికి వలసపోయి మేస్త్రీ పనులు చేశారు. అమ్మను వాళ్ల అవ్వ పెంచింది. ఆ సంగతి మాకు తెలుసుగానీ అమ్మ తనంతట తాను ఎప్పుడూ ఎత్తేది కాదు. ఆ రోజూ ఎత్తలేదు. "మీ అమ్మ ఎన్నేండ్లకు వాపసొచ్చె?" అని మాత్రం అడిగింది.

"నేను కాలేజీలో చేరినప్పుడు."

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి నన్ను పిలిచి, "నిజమేనంటవా?" అంది.

"ఏమోనే."

"తల్లి సంగతి ఎవలన్న అబద్ధం చెప్తరా?" అని, పళ్లెంలో అన్నం వడ్డిస్తూ, "చెప్పొచ్చు గూడ" అంది. ఆ పళ్లెం తనే మిద్దె మీదికి తీసుకుపోయింది.

గడువు ముగిసే దాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. నన్ను ఎవరూ ఎందులోనూ కలుపుకోలేదు. ఇప్పుడు ఆమె వాళ్ల ఊళ్లోనే పిల్లలతో పనిచేస్తోంది. అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తుంది. అమ్మ ముందుగా ఫోన్ అందుకోదు. "ఏం కావాల్నంట?" అని నన్ను అడుగుతుంది. ఏమీ వద్దట, ఊకెనే చేసిందట అని చెప్తాను. అమ్మ నమ్మదు. నమ్మకుండానే కుర్చీ దగ్గరికి లాక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోన్ ముందు కూర్చుంటుంది.