చీమల కోడలి సారె

తువ్వాలు ఆరేసింది ఈ కథ రాస్తున్న సోములే. ముందే ఒప్పేసుకుంటే తర్వాత రాయడం సులువు. సారె బుట్టలున్న నులకమంచం పట్టె మీద ఒక కొస, పక్కనున్న గోడ మేకుకి ఇంకో కొస. చీమలకి తారురోడ్డు వేయించినట్టయింది.

గరివిడి పక్కనున్న ఆ ఊళ్ళో గున్నమ్మ ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. చీమల కోడలి ఇల్లు అనాలి. ఆ పేరు అత్తవారి వీధి తగిలించింది. పెళ్ళయిన కొత్తలో ఆమెతో వచ్చిన సారె బుట్టని పదిమందిలో విప్పితే అరిసెల కంటే చీమలే ఎక్కువగా కనిపించాయి. అత్తగారు నవ్వింది, ఆవిడ వెనక వీధంతా నవ్వింది. అత్తగారు పోయింది గానీ పేరు పోలేదు.

గున్నమ్మ ఏడ్చి ఊరుకోలేదు. చీమల వెంట పడింది. పొయ్యి మీద కూర మాడినా సరే, చీమల బారు కనిపిస్తే దాని పుట్టిల్లు చూసొచ్చేదాకా వదిలేది కాదు. నేర్చుకున్నది దాచుకునే మనిషి కూడా కాదు. వీధరుగు మీద కూర్చుని, "పంచదార డబ్బాకి మూతెట్టను. సీమొస్తే సూపించండి" అని సవాలు చేసేది. పక్కింటి కుర్రాడు సోములు ఒకసారి అగ్గిపెట్టెలో చీమల్ని పట్టి తెచ్చి డబ్బా పక్కన వదిలాడు. ఆవిడ వంగి చూసి, "ఇవి మా పెరటియి కావురా, మీ గోడయి. తీసుకెళ్ళిపో, మీ అమ్మ ఎతుక్కుంటాది" అంది.

అలాంటి మనిషికి అరవై ఎనిమిదో ఏట మనవరాలికి సారె పట్టుకెళ్ళే పని వచ్చి పడింది. పార్వతిని నౌపడలో ఇచ్చారు. వియ్యపురాలు నారాయణమ్మ నవ్వుతూనే అరిసె విరిచి లోపల చూసే రకం. ఒక్క చీమ దొరికితే చాలు, గున్నమ్మ పేరు పార్వతికి అంటుకుంటుంది. అందుకే మంచం కోళ్ళు నాలుగూ నీళ్ళు పోసిన మూకుళ్ళలో పెట్టించి, గోడకి ఎడంగా జరిపించింది. నీళ్ళు దాటి చీమ రాదు. తువ్వాలు ఎక్కి వస్తుందని ఎవరనుకుంటారు?

బయల్దేరే రోజు పొద్దున్న తలుపు తీసేసరికి తువ్వాలు మీద చలిచీమల బారు. చివరి బుట్ట నిండా అవే. గున్నమ్మకి ఒక్క క్షణం పాత నవ్వు చెవిలో గింగురుమంది.

"మా ఇంట్లో గమాక్సిన్ పొడి ఉన్నాది మామ్మా. సల్లేత్తాను" అన్నాడు సోములు.

"తినే సారె మీద ఇసం సల్లుతావేటిరా గుంటడా?"

"పోనీ, సీపురెట్టి తుడిసేనా?"

"తుడిత్తే సెదిరిపోయి ఇల్లంతా పాకుతాయి. సీమని సూడకు. ఎక్కడి నుంచొస్తన్నాదో అది సూడు."

ఆవిడ బారు వెంట కళ్ళు నడిపింది. తువ్వాలు, మేకు, గోడ, గుమ్మం కింద బీట. బీట దగ్గర బెల్లం ముక్క పెట్టింది. కొత్తగా బయటికొచ్చే చీమలు అక్కడే ఆగిపోయాయి. అప్పుడు తువ్వాలు తీసి అవతల పారేసి, చివరి బుట్టలోని అరిసెల్ని పెరట్లో చాప మీద ఎండకి పరిచింది. వేడి తగిలేసరికి చీమలు ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి. ఈలోగా సోములు చేత కుంకుడు నురుగుతో గోడంతా కడిగించింది.

"మొదటి సీమ ఎల్లిన దారిలో వాసనెట్టి పోతాది. మిగిలినయి దాన్నట్టుకుని వస్తాయి. ఆ వాసన పోవాలి. గట్టిగా రుద్దు."

బయట ఎడ్లబండి తోలే జోగయ్య, "రైలెల్లిపోతాది మామ్మా" అని కేకేశాడు.

"రైలు పోతే ఇంకోటొస్తాది. పేరు పోతే రాదు. ఆగు."

ఒక్కొక్క అరిసెనీ దులిపి, కంటి దగ్గర పెట్టుకుని చూసి, చల్లారాకే బుట్టలో పేర్చింది. రైలు కూత వేస్తుంటే గున్నమ్మా, సోములూ ఎక్కారు. బుట్టలు ఒళ్ళో పెట్టుకుని నౌపడ దాకా ఆవిడ రెప్ప వాల్చలేదు.

నౌపడలో వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరాక నారాయణమ్మ బుట్టలన్నీ విప్పింది. ఆవిడ చెయ్యి సరిగ్గా ఆ చివరి బుట్టలోకే వెళ్ళింది. ఒక అరిసె విరిచింది. ఇంకోటి విరిచింది. అడుగునున్నదీ తీసి విరిచింది. ఏమీ దొరక్క, చేతిలో ముక్క నోట్లో వేసుకుంది.

"ఒక్క సీమైనా లేదేటి వదినా? మా బెల్లం కుండని ఏం సేసినా సీమలు వదలవు. ఓసారి సూసి పెడుదువా?"

గున్నమ్మ కొంగు బిగించి లేచింది. వీధంతా వినేలా, "సూత్తాను, పద. మా ఊళ్ళో నన్ను సీమల కోడలంటారు" అంది. పార్వతి తలెత్తి నాయనమ్మని చూసింది.

తిరుగు రైల్లో సోములు ఉండబట్టలేకపోయాడు. "నా తువ్వాలు లేకపోతే నీ పనితనం ఎవడు సూసేవాడు మామ్మా? నాకూ ఓ అరిసె ఇవ్వాల."

"నీ తువ్వాలు మీద నడిసొచ్చాక ఆ సీమలే కాళ్ళు కడుక్కునుంటాయి. ముందెళ్ళి అది ఉతుక్కో, పో."