దేన్నీ మోయని స్తంభాలు

నచ్చిన సరుకును ముందుగా తిట్టాలి. మా ఊరి బట్టల బజారులో నాకు నడకతోపాటే అబ్బిన విద్య ఇది. నచ్చిందని ముఖంలో కనబడితే బేరం అక్కడితో సరి. అందుకే కెనడాలో మేముండే సస్కటూన్‌లో ఆ పాత బ్యాంకు భవనం చూడటానికి వెళ్లినప్పుడు కూడా ముఖం మాడ్చుకునే లోపల అడుగుపెట్టాను.

మా కిరాణా కొట్టు అప్పుడున్న కాంప్లెక్స్‌ను కూల్చబోతున్నారు. చలికాలం లోపల వేరే చోటు దొరక్కపోతే కొట్టు మూసుకోవడమే. బ్యాంకు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన ఈ భవనం మా ఆవిడకు తెగ నచ్చింది. చెప్పకూడదు గానీ, నాకూ నచ్చింది. పాలరాతి కౌంటరు, దానిమీద క్యాషియర్ల ఇత్తడి కటకటాలు, పైకప్పు అంచున సున్నంతో తీర్చిన గోధుమ కంకులు. ఆ కౌంటరు వెనుక గల్లాపెట్టెతో కూర్చున్న నన్ను నేను అప్పుడే చూసేసుకున్నాను.

యజమానురాలు డెబ్బై దాటినావిడ. నేను మొదలుపెట్టాను.

"కప్పు మరీ ఎత్తు. సంపాదనంతా హీటింగ్‌కే పోతుంది."

"నిజమే," అందావిడ.

"లాకర్ గదికున్న ఆ ఇనుప తలుపు అడ్డం."

"అదీ నిజమే. ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కదలదు." ఆవిడ తాళాలు చేతిలోకి తీసుకుంది. "పోయిన వారం ఒకాయన కప్పు కిందికి దించి, తలుపు పీకేస్తానన్నాడు. ఇవ్వనన్నాను. మీకూ ఇది సరిపడదులెండి."

నా వంకలను ఒప్పుకున్న మనిషి మా బజారులో ఒక్కరూ లేరు.

మా ఆవిడ తెలుగులో గొణిగింది. "ఏమండీ, వంక పెడితే వీళ్లు నిజమనుకుంటారు. బాగుందని చెప్పండి."

"ముందే బాగుందంటే రెంట్ తగ్గిస్తుందా?"

"రెంట్ సంగతి తర్వాత. ముందు బిల్డింగే పోతోంది."

అయినా బాగుందని అనలేకపోయాను. పైగా మెట్లు దిగుతూ అలవాటు కొద్దీ, "ముందున్న ఈ లావు స్తంభాలు వెలుతురుకు అడ్డు," అనేశాను. మా ఆవిడ తల కొట్టుకుంది.

యజమానురాలు మాత్రం నవ్వింది. "అవి దేన్నీ మోయడం లేదు, తెలుసా? ఊరంతా చెక్క ఇళ్లున్న రోజుల్లో కట్టారు. రైతు పంట డబ్బు తెచ్చి దాచుకోవాలంటే నమ్మకం కుదరాలిగా. ఇంత రాయి చూస్తే, వీళ్లు రాత్రికి రాత్రి పారిపోరులే అనిపిస్తుంది. అందుకే పెట్టారు."

స్తంభం మీద చేయి వేశాను. పక్క రాష్ట్రం మానిటోబా నుంచి తెచ్చిన సున్నపురాయి. అందులో ఏ కాలానివో సముద్రపు గుల్లల ముద్రలు.

"మా నాన్న పై అరల నిండా ఖాళీ అట్టపెట్టెలు పేర్చేవాడు," అన్నాను. "కొట్లో సరుకు దండిగా ఉందని జనం అనుకోవాలని. ఇది కట్టించినవాడు మా నాన్న లాంటివాడే. ఇంత మంచి కొట్టు నేనెక్కడా చూడలేదు."

"ఖాళీ పెట్టెలా?" ఆవిడ తాళంచెవి మళ్లీ తలుపుకు పెట్టింది. "లోపలికి రండి, కూర్చుని మాట్లాడదాం."

రెంట్ తగ్గించమని అడగనేలేదని ఇంటికి వెళ్లాక గాని గుర్తురాలేదు. మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పి నా పరువు తీస్తుంది.

ఇప్పుడు ఆ ఇనుప తలుపు వెనుక బియ్యం బస్తాలున్నాయి. ఇత్తడి కటకటాల్లోంచి కరివేపాకు అందిస్తుంటాను. నిన్న ఒక అమ్మాయి బెండకాయ తుంచి చూసి, "ముదిరిపోయాయి అంకుల్," అంది.

"నిజమేనమ్మా. నీకు సరిపడవులే," అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం తెల్లబోయి, గబగబా సంచి నింపుకుంది.