అప్ప అడిగిన ఆరుద్ర పురుగు

మోకాళ్ళు చెప్పినమాట వినే ఆ వయసులో నా ఈడువాళ్ళు క్రికెట్ ఆడారు, బైకులేసుకుని కళింగపట్నం బీచికి వెళ్ళారు, కొందరు ప్రేమించడం కూడా చేశారు. నేను మాత్రం జీడితోటల్లో బోర్లా పడుకున్నాను. ఎందుకయ్యా అంటే పురుగుల ఫొటోలు తియ్యడానికి. విజయనగరంలో ఒక పెళ్ళిళ్ళ స్టూడియోలో అసిస్టెంటుని అప్పుడు (అసిస్టెంటంటే లైటు పట్టుకుని, పెళ్ళికూతురి మేనత్తల్ని పక్కకి జరగమని బతిమాలేవాడు). ముహూర్తాలు లేని రోజుల్లో ఓనరు పాత కెమెరా ఒకటి నా చేతిలో పెట్టేవాడు. పురుగుల్ని దగ్గరగా తియ్యడానికి వేరే లెన్సు ఉంటుందని తెలుసు, అది మనకి దొరకదనీ తెలుసు. అందుకని ఉన్న లెన్సునే విప్పి, తిరగేసి, కెమెరా మూతికి చేత్తో అదిమి పట్టుకునేవాణ్ణి. అలా పెడితే చీమ కూడా దున్నపోతంత కనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఊపిరి పీలిస్తే దాని కన్ను మసక, వదిలితే మీసం మసక. రెండూ మానేసి నేను గుడ్లు తేలేసే సమయానికి అది హాయిగా ఎగిరిపోయేది.

మా ఊరు భోగాపురం దగ్గర. విమానాశ్రయానికి ఎవరి భూమి పోతుందో, ఎవరిది ఉంటుందో తెలియక జనం నిద్రపోని కాలం అది. అలాంటప్పుడు ఎవడో కుర్రాడు కెమెరాతో తోటలో పాకుతుంటే ఊరుకుంటారా? ఒకరోజు తోట యజమాని కర్ర పట్టుకుని వచ్చి నా నెత్తిమీద నిలబడ్డాడు.

“ఏటి బాబూ, మా తోటలో కొలతలేటి? ఎయిర్‌పోర్టోలు పంపినారేటి నిన్ను?”

“కాదు మావా, పురుగుని ఫొటో తీస్తన్నాను.”

ఆయన “ఓలమ్మో! ఆకరికి పురుగుల్ని కూడా రాసుకుంటన్నారా?” అని నీరసంగా గట్టుమీద కూలబడిపోయాడు. నేను ఫలానా వారి అబ్బాయినని చెప్పుకున్నాక కూడా ఆయనకి అనుమానం తీరలేదు.

ఇంత యాతన పడి తీసినవి చూసే మనిషి ఒక్కరే, మా అప్ప. (మా వైపు అక్కని అప్ప అంటాం.) పెళ్ళైన కొన్నాళ్ళకే అప్పకి కిడ్నీలు పాడయ్యాయి. విజయనగరంలో డయాలసిస్‌కి దగ్గరవుతుందని బావ తీసుకొచ్చి మా ఇంట్లో దింపాడు. ఆసుపత్రికీ మంచానికీ తప్ప తను ఇంకెక్కడికీ తిరగలేకపోయేది. చిన్నప్పుడు జీరంగి పురుగుని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపడం నాకు నేర్పిన మనిషి, గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. సాయంత్రం నేను మంచం పట్టె మీద కూచుని కెమెరా తెర చూపించేవాణ్ణి. మెచ్చుకుంటుందనుకున్నారేమో! “కన్ను బాగుంది గానీ మీసమేదిరా? కోసీసినావా?” అనేది. గొల్లభామని చూపిస్తే, “దీన్ని బెదరగొట్టి తీసినావు, ముకం సూడు” అనేది. నాకు ఒళ్ళు మండేది. మర్నాడు మళ్ళీ అదే గొల్లభామ కోసం మోచేతులు గీరుకుపోయేలా పాకేవాణ్ణి.

ఆ ఎండాకాలంలో అప్ప బాగా చిక్కిపోయింది. ఒకరోజు తనే అడిగింది. “ఒరే గుంటడా, ఈపాలి ఆరుద్ర పురుగులొస్తే ఒకటి పెద్దగా తీసి సూపించరా. మల్లీ ఏడు నానుంటానో, ఉండనో.” ‘నోరు ముయ్యి’ అన్నాను. అనేసి పెరట్లోకి పోయి ఏడ్చాను.

ఎర్ర మఖ్మల్ ముద్దలాంటి ఆ పురుగు తొలివాన పడి నేల తడిస్తేనే బయటికొస్తుంది. ఆ ఏడు ఆరుద్ర కార్తె వచ్చింది, వాన రాలేదు. రోజూ తోటలో నేల గోకి చూడడం, ఉత్త చేతులతో రావడం. అప్ప మాత్రం నన్ను చూడగానే “వొచ్చినాదేటి?” అనేది. ఇంక ఉండబట్టలేక ఒక పథకం వేశాను. పెట్టెలో అప్ప పెళ్ళినాటి ఎర్ర వెల్వెట్ జాకెట్టు ఉంది. లోపలి కుట్టులోంచి గోరంత ముక్క కత్తిరించి, ఉండ చేసి, చీపురుపుల్ల తునకలకి కుంకం రాసి కాళ్ళు గుచ్చి, తడిమట్టి మీద పెట్టి ఫొటో తీశాను. ఎగిరిపోదు, కదలదు. నా జీవితంలో అంత స్పష్టమైన ఫొటో అదే మొదలు.

అప్ప తెరని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఒరే, దీని అంచున నేత కనిపిస్తన్నాదేటిరా?” అంది. నేను గోడకేసి చూశాను. “కాళ్ళు ఆరే పెట్టినావు, ఎనిమిదుండాల. ఒరే ఎదవా, ఇది నా పెళ్ళి జాకెట్టు కదురా!” అని నవ్వడం మొదలుపెట్టింది. అమ్మ కంగారుపడి పరిగెత్తుకొచ్చింది, సంగతి విని నా వీపు మీద ఒకటి వేసి తనూ నవ్వింది. దగ్గు ఆగితే మళ్ళీ నవ్వు, నవ్వు ఆగితే మళ్ళీ దగ్గు. ఆ ఇంట్లో అప్ప నవ్విన ఆఖరి నవ్వు అదే. వాన రాకముందే తను వెళ్ళిపోయింది.

కర్మలైన మర్నాడు కుండపోతగా కురిసింది. పురుగులంటే నన్ను రోజూ తిట్టిపోసే అమ్మ, తెల్లారగానే వచ్చి లేపింది. “లెగరా. పురుగులొచ్చినాయి. అది నోరు తెరిసి అడిగినాది కదా, తియ్యి.” వెళ్ళాం. తోట నిండా ఎర్రగా, ఎక్కడ చూసినా అవే. అమ్మ గొడుగు పట్టింది, నేను బురదలో పడుకున్నాను. ఎన్ని తీసినా అన్నీ మసకే. ఊపిరి బిగబట్టడం ఆవేళ నా వల్ల కాలేదు.

ఇప్పుడు అసలైన లెన్సే ఉంది. ఏళ్ళ తరబడి పాకిన పుణ్యమా అని మోకాళ్ళే మాట వినవు, పడుకుంటే లేపడానికి మా ఆవిడ రావాలి. ఏటా తొలివానకి ఆరుద్ర పురుగుని తీస్తాను, ఒంటిమీది నూగు సైతం లెక్కపెట్టుకునేటంత స్పష్టంగా వస్తుంది. చూసినవాళ్ళంతా బాగుందంటారు. తప్పు పట్టేవాళ్ళు లేక నాకు ఏదీ బాగున్నట్టుండదు. మొన్న తీసినదాంట్లో ఒక గడ్డిపరక సరిగ్గా పురుగు ముఖానికి అడ్డొచ్చింది. ఎవరూ గమనించలేదు. “ఆ గడ్డి తీసీసి తియ్యలేవేటిరా, గుంటడా” అని నన్ను నేనే గట్టిగా తిట్టుకుని నవ్వుకున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, “ఎవరితోనండీ మాటలు?” అని అడిగింది.

ఎవరూ లేరన్నాను.