జీడిపిక్కల చేతులు

బోటనీ వైవాలో అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే నాన్న కిరాణా కొట్టులో కూర్చోవాలి. నాకంటే కొట్టుకే అది ఎక్కువ ప్రమాదం. అందుకే ఆమదాలవలసలో రైలెక్కినప్పటి నుంచి మొక్కల కుటుంబాలను పైకే వల్లె వేస్తున్నాను. విజయనగరం దగ్గర పడుతున్నా "జీడి, మామిడి ఒకే కుటుంబం" అన్నచోటే ఆగిపోయాను. జీడిపండు పిక్కను బయట వేలాడేసుకుంటుంది, మామిడి టెంకను కడుపులో దాచుకుంటుంది. వీటికి చుట్టరికం ఎవరు కలిపారో!

ఎదురుగా కూర్చున్న పెద్దామె నవ్వింది. పలాసలో జీడిపిక్కలు కొడుతుందట.

"ఏటి బాబూ, అప్పసెల్లెళ్లకి తగువెడతన్నావు?"

"అక్కచెల్లెళ్లని నీకెవరు చెప్పారు?"

ఆమె చేతులు చాపింది. వేళ్ల నిండా నల్లటి మచ్చలు, తోలు ఊడిన చోట్లు.

"ఇది జీడి సొన. సిన్నప్పుడు మావిడికాయ సొన మూతికి అంటితే ఇలాగే పొక్కిపోనాది. రెండూ ఒకేలా కాలస్తాయి. సుట్టాలు కాకపోతే మరేటి?"

వైవాలో ఎగ్జామినర్ గారు మామిడి కుటుంబంలో ఇంకో చెట్టు చెప్పమన్నారు.

"జీడి సార్."

"రెండూ ఒకటెలా అయ్యాయి?"

"పువ్వుల అమరిక ఒకటే సార్. పైగా రెండింటి సొనా చర్మాన్ని కాలుస్తుంది."

"బాగుంది. ఏ పుస్తకంలో చదివావు?"

"ఒకావిడ చేతుల మీద చదివాను సార్."

ఆయన పగలబడి నవ్వి మార్కులేశారు. నేను జోకు వెయ్యకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే.