మామను పిలవకుండా స్టార్ట్ చేసిన కారు

నెలల తరబడి బాగుచేస్తున్న పాత టూ-స్ట్రోక్ రేసు కారు ఇవాళ సాయంత్రం మొదటిసారి స్టార్టయింది. వయసులో ఉన్నప్పుడు దాన్ని పందేల్లో నడిపి, థర్మల్ ప్లాంటులో రిటైరయ్యాక నాకిచ్చేసిన నర్సింలు మామను మాత్రం నేను కావాలనే పిలవలేదు. వస్తే నా ట్యూనింగుకు వంకలు పెడతాడనుకున్నాను.

షెడ్డు నిండా నీలిపొగ కమ్ముకుంది. చప్పుడు పక్క వీధి దాకా వినిపించిందేమో, మామ రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నన్నెందుకు పిలువకపోతివిర?"

"ఇప్పుడే వద్దామనుకుంటున్న మామా," అని అబద్ధమాడాను.

"గట్లనా," అంటూ బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా. నా చేతిల గూడ గింత సాఫ్‌గ పలకలే."

తిట్టినా బాగుండేది. రేపు స్టీరింగు ఆయనకే ఇస్తాను. అబద్ధం సంగతి కూడా చెప్పాలా? మీరైతే చెబుతారా?