నేను తాగని గ్లాసెడు నీళ్ళు

ముందుగాల అందరికి దండం. నాకు రాసుడు రాదు. నాలుగో తరగతి నడుమల్నే బడి ఇడిసిపెట్టిన. ఒత్తు ఎక్కడ పెట్టాల్నో, దీర్ఘం ఎక్కడ తియ్యాల్నో తెల్వది. ఇన్నేండ్లు ఇంటికి గూడ ఫోన్ల మాట్లాడుడే గని ఒక్క ఉత్తరం రాసినోణ్ణి కాదు. ఇది గూడ రూంల మంచం మీద కూసోని, ఫోన్ల ఒక్కొక్క అక్షరం ఎతుక్కుంట రాస్తున్న. ఒక్క ముక్క అయ్యెటాలకు చాయ్ సల్లారిపోతున్నది. నవ్వొస్తె నవ్వుకోండ్రి గని, సదువుడు మాత్రం నడుమల ఆపకుండ్రి.

ఇయ్యాల పొద్దుగాల మా యార్డుల ఒక కారవాన్ పైపులకు గాలి పెట్టిన. గాలి పోంగనే నల్లా ముసలోని లెక్క దగ్గింది. ఖళ్ ఖళ్ మనుకుంట ఇన్ని నీళ్ళు, ఇంత గాలి కక్కింది. ఆ సప్పుడు ఇనంగనే నా చెయ్యి ఆగిపోయింది. "దగ్గనీ అబ్బీ, పూర్తిగా దగ్గనీ, నడమ ఆపగాకు" అని దస్తగిరి భాయ్ ఎనకాల నిలబడి అన్నట్టే అనిపించింది. మలిగి సూస్తె ఎవ్వరు లేరు. అద్దాలకు మంచు పట్టిన బండ్లు నిలబడి ఉన్నయ్. ఎండ వచ్చింది గని అండ్ల ఏడి లేదు.

నా పేరు లింగం. జగిత్యాల దిక్కు పల్లె మాది. మొదట రియాద్‌ల ఇటుకలు మోసిన. అక్కడి ఎండకు నెత్తి మాడేది. వీసా ఇచ్చిన ఆ కఫీల్ సేటు కాడికెల్లి మారి ఈ తబూక్‌కు వచ్చినంకనే సౌదీల సలి ఉంటదని తెలిసింది. వచ్చిన తెల్లారి మొఖం కడుగుదామని బకీట్ల చెయ్యి పెడితె పైన గాజు పలక లెక్క మంచు. అది సూసి నవ్విన మనిషే దస్తగిరి భాయ్. "ఏమప్పా తెలంగాణా, సౌదీ అంటే మంటలు మండుతాంటాయనుకొని వస్తివా?" అన్నడు. ఆయనది రాయచోటి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మోకాళ్ళు నొస్తుండె. మెట్టు ఎక్కినప్పుడల్ల "యా అల్లా" అనేటోడు, దిగినప్పుడు ఏమనకపోయేది. నన్ను లింగం అని ఒక్కనాడు పిలవలె, లింగప్పా అనేటోడు.

మా యార్డుల కారవాన్లు కిరాయికిస్తరు. కారవాన్ అంటె పెద్ద లారీ లెక్క ఉంటది, లోపల ఇల్లు ఉంటది. వంట, మంచాలు, బాత్రూం, గీజర్ అన్ని. ఇక్కడోళ్ళు పిల్లా జెల్లా ఎక్కిచ్చుకొని ఎడారికి పోయి ఉండి వస్తరు. గట్టి సలి వచ్చిందంటె బండి పైపులల్ల నీళ్ళు గడ్డ కడ్తయ్, పైపు నిట్టనిలువున పగుల్తది. అట్ల కాకుంట బండిని తయారు చేసుడే మా పని. ట్యాంకు ఇడవాలె. గీజర్ ఖాళీ చేసి, మందు అండ్లకు పోకుంట దాని దారి బంద్ చెయ్యాలె. అన్ని నల్లాలు తెరిచి గాలి పెట్టాలె. ఆఖరికి గులాబీ రంగు మందు పైపులల్లకు ఎక్కియ్యాలె. అది గడ్డ కట్టది, మనిషికి హాని లేదు. ఇంతే పని. గీ ఇంత పనికి దస్తగిరి భాయ్ నన్ను రెండు సలికాలాలు సతాయించిండు.

"ఎన్ని నల్లాలు చూసినావు?"

"తొమ్మిది, భాయ్."

"పది ఉండాయి. బయట కాళ్ళు కడుక్కునే పైపు నీ తాత చూస్తాడా? నీళ్ళు దొంగముండలు లింగప్పా, నువ్వు మర్సిపోయిన కాడ్నే దాంకుంటాయి."

తిట్టేటోడు గని, నేను సేసిన పనిని నేను పోయినంక మళ్ళ సేసి నా ఇజ్జత్ తీసేటోడు కాదు. నన్నే పిలిచి నాతోనే సేపిచ్చేటోడు. అంతకుముందు నాకు పని సూపిచ్చినోళ్ళు లేరు, పని చెప్పినోళ్ళే. ఆ రెండిట్లకు ఫరక్ ఉన్నదని ఆయన కాడనే తెలిసింది.

ఆయనకు ఒక కట్టడి ఉండె. సలి పోయినంక బండిని మళ్ళ కిరాయికి తయారు చేస్తం గద. మందంత కడిగి కొత్త నీళ్ళు నింపినంక, తాళం ఇచ్చే ముందు వంటకాడి నల్లాకెల్లి స్టీల్ గ్లాసు నింపి ఆయనే తాగేటోడు. మొత్తం తాగేటోడు. అటెన్కనే కాయితం మీద సంతకం పెట్టేటోడు. యార్డుల పాకిస్తాన్ డ్రైవర్లు నవ్వుతుండిరి. నేను గూడ ఒకపారి అడిగిన, ఎందుకు భాయ్ ఇదంత అని. "ముక్కూ మొగం తెలీని పిల్లోళ్ళు తాగేటియి అబ్బీ. మనం తాగకుండా ఎట్లిస్తాం?" అన్నడు. రంజాన్ నెలల ఆయన రోజా, అంటె పొద్దంత ఉపాసం, ఉండేది గనుక ఆ గ్లాసు నాకిచ్చేటోడు. నేను తాగి బాగున్నయంటె సంతకం పెట్టేటోడు.

ఇగ నా సంగతి చెప్పాలె. ఇది రాసెతందుకే వారం రోజులు పట్టింది.

రెండో ఏడు సలి నడుమ దస్తగిరి భాయ్ మోకాళ్ళ కోసం రెండు రోజులు దవాఖానకు పోయిండు. గట్టి సలి వస్తున్నదని వార్త వచ్చింది. ముదీర్, అంటె మా మేనేజర్, పొద్దు గూకక ముందు బండ్లన్ని కావాలె అని ఒర్లుతున్నడు. నేనొక్కణ్ణే. ఆఖరి బండి కాడికి వచ్చెటాలకు గులాబీ మందు అయిపోయింది. ఆ రోజు శుక్రవారం, దుకాణాలు బంద్ ఉన్నయ్. షెడ్డుల మెకానిక్ కాడ పచ్చ మందు డబ్బా కనవడ్డది. కారు రేడియేటర్ల పోసేది. అది గూడ గడ్డ కట్టనియ్యదు గద, రంగే ఏరు అనుకున్న. గదే పోసిన. ఆగమాగంల గీజర్ దారి బంద్ చేసుడు గూడ మర్సిన. తెల్లారి ఏ పైపు పగల్లేదు. నాకే నేను షాబాష్ అనుకున్న. భాయ్ వచ్చి "గులాబీ సరిపోయిందా?" అని అడిగితె సరిపోయిందన్న.

వారం తర్వాత ఆ ఖాళీ డబ్బా పారెయ్యబుద్ధి కాలె. డబ్బా మంచిగున్నది, కడిగి రూంల నీళ్ళకు పెట్టుకుందమని తెచ్చిన. కడుగుతుంటె మురికి పోయి బొమ్మ బయటవడ్డది. మనిషి పుర్రె, కింద రెండు బొక్కలు. నాకు ఇంగ్లీషు రాదు, అరబ్బీ సదువరాదు, గని ఆ బొమ్మ ఎవనికి తెల్వది? డబ్బాను షెడ్డు ఎనక చెత్తల ఏసిన. ఎవ్వలికి చెప్పలె. చెప్తె ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరని బుగులు. కడిగేటప్పుడు మంచిగ కడుగుత, అయిపోతది అనుకున్న.

రంజాన్ వచ్చెటాలకు సలి తగ్గింది. ఒక బేస్తారం నాడు ఒకాయన ఆ బండినే అడిగిండు. ఎడారిల ఇఫ్తార్ చేసుకుంటరట. ఆయన, ఆయన భార్య, ముసలి తల్లి, ఇద్దరు పిల్లగాండ్లు, ఒక చిన్న బిడ్డ. నేను పొద్దటికెల్లి ఆ బండిని నాలుగుమాట్ల కడిగిన. నీళ్ళు తెల్లగనే వస్తున్నయ్. దస్తగిరి భాయ్ గ్లాసు నింపి నా చేతికిచ్చి, కాయితం తీస్తందుకు అటు మలిగిండు. నేను గ్లాసు నోటి దాక తెచ్చిన. పెదువులు తెరుసుకోలె. పుర్రె బొమ్మ కండ్లల్ల మెదిలింది. సప్పుడు కాకుంట సింకుల ఒంపి, మూతి తుడుసుకున్న.

"ఎట్లుండాయి?"

"మంచిగున్నయ్, భాయ్."

ఆయన సంతకం పెట్టిండు. బండి పోయింది. నేను తాగని నీళ్ళు పిల్లగాండ్లకు పంపిన.

బండి పోయినంక భాయ్ గ్లాసు బోర్లించి నా బుజం మీద చెయ్యేసిండు. "రోజా నెలలో నా నోరు నువ్వే లింగప్పా" అన్నడు. తిట్టినా తట్టుకుందును. ఆ మాటకు ఇగ ఆగలేకపోయిన, అక్కడ్నే కూసోని మొత్తం చెప్పేసిన.

కొడ్తడనుకున్న. కొట్టలె. ఆయన మొఖం బూడిద లెక్కయింది. "గీజర్ దారి మూసినావా?" అని ఒక్కటే అడిగిండు. లేదన్న. "అయితే చల్లనీళ్ళు కడిగినావు. వేడినీళ్ళు కడిగినావా?" నేను సల్ల నల్లాలే కడిగిన. పచ్చ మందు గీజర్ నిండ అట్లనే ఉన్నది. "డబ్బా యాడుంది? తే. డాక్టర్ అడుగుతాడు" అన్నడు. చెత్తల దేవులాడి డబ్బా తెచ్చిన. వాళ్ళకు ఫోన్ కొడితె కలవలె. వాళ్ళు పోతమని చెప్పిన జాగకు పికప్ తీసుకొని పోయినం. పొద్దు మునిగే మగ్రిబ్ నమాజ్‌కు ఇంక గంట ఉండె. తొవ్వంత ఆయన ఒక్కటే మాట అన్నడు. "పెద్దోళ్ళు రోజా ఉంటారు, పొద్దు మునిగేదాకా తాగరు. ఆ చిన్నబిడ్డకి రోజా ఉండాదా అబ్బీ?"

కొండ కింద బండి కనవడ్డది. సాప పరిచి ఖర్జూరాలు పెట్టుకున్నరు. మోకాళ్ళు నొచ్చే మనిషి ఇసుకల ఉరికిండు. "మోయా లా! లా తష్రబ్!" నీళ్ళు తాగకుండ్రి అని ఒర్లుకుంట ఉరికిండు. పెద్దోళ్ళు ఎవ్వలు తాగలె. గని ఆ తల్లి చిన్నబిడ్డకు ఏడినీళ్ళల్ల పాలపొడి కలిపి తాపింది. సీసల సగమే మిగిలింది.

తండ్రి దస్తగిరి భాయ్ అంగీ పట్టి గుంజిండు. భాయ్ ఇడిపిచ్చుకోలె. డబ్బా సూపెట్టి, ఇది నీళ్ళల్ల కలిసింది, తప్పు మా యార్డుది, తర్వాత కొట్టు, ముందు బండెక్కు అన్నడు అరబ్బీల. తల్లిని, తండ్రిని, బిడ్డను ఎక్కిచ్చుకొని పికప్ తోలుకపోయిండు. ఆయన ఆ రోజు ఎక్కడ రోజా ఇడిసిండో, అసలు ఇడిసిండో లేదో నేను ఎన్నడు అడగలె.

నేను ముసలామెతోని, ఇద్దరు పిల్లగాండ్లతోని అక్కడ్నే ఉండిపోయిన. పొద్దు మునిగింది. ఆమె దుకాణంల కొన్న నీళ్ళ సీస మూత తీసి పిల్లలకిచ్చింది. తర్వాత నా దిక్కు సూసి ఖర్జూరాల పళ్ళెం జరిపి "కుల్" అన్నది. తిను అని. మందు పోసింది నేనేనని ఆమెకు తెల్వది. నేను ఒకటి పట్టుకున్న. ఆమె ఇంకో కొడుకు వచ్చి అందరిని తీస్కపోయే దాక అది నా పిడికిట్లనే ఉండె.

బిడ్డ బతికింది. మూడు రోజులు దవాఖానల ఉన్నది. డబ్బా మీది రాత సదివి ఏం మందియ్యాల్నో ఎంటనే తెలుసుకున్నరట. ఆ మూడు రోజులు భాయ్ నాతోని మాట్లాడలె. గని పొద్దున చాయ్ రెండు గ్లాసులల్లనే పోసేటోడు.

నాలుగోనాడు ముదీర్ ఇద్దరిని పిలిచిండు. కాయితం సూపెట్టి "ఈ సంతకం ఎవనిది?" అన్నడు. "నాదే" అన్నడు భాయ్. "పోసింది ఎవరు?" భాయ్ నా దిక్కు తిరిగి సూసుకుంట నిలబడ్డడు. మస్తు సేపు సూసిండు. ఒక్క మాట, నేనే అంటె అయిపోవు. నేను కింద గచ్చు సూసిన. పలకల నడుమ గీతలు సూసిన. నా నోరు లేవలె.

సంతకం పెట్టినాయనకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టిండ్రు. నన్ను ఉంచిండ్రు, పని తెలిసినోడు ఒకడన్న ఉండాలె గద.

ఆయన పోయే దాక వారం ఉండె. ఆ వారం దినాం నన్ను గీజర్ కాడ కూసోబెట్టి ఇప్పిచ్చిండు, బిగిపిచ్చిండు. ఆఖరి రోజు సంచి సదురుతుంటె కాళ్ళ మీద పడ్డ. "ఎందుకు చెప్పలేదు భాయ్, నేనని?" అన్న. ఆయన కాళ్ళు గుంజుకొని "నేనెందుకు చెప్తా? నీకు నోరుండాది గదా" అన్నడు. కోపంగ అనలె. అలిసిపోయినట్టు అన్నడు. అటెన్క నేను ఫోన్ చేసే ధైర్యం చెయ్యలె. ఏడాదిన్నరకు ఆయన కాలం చేసిండని ఎవలో చెప్పిండ్రు.

మొన్న నెల కింద కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. దస్తగిరి భాయ్ కొడుకు. నా నంబర్ తండ్రి పాత ఫోన్ల దొరికిందట. "అన్నా, ఒక మాట అడుగుతా, ఏమనుకోగాకు. మా నాయన ఆడ దొంగతనం చేస్తే పంపించినారని మా వీధిలో అంటాండారు. ఆయన్ని అడిగితే యాపొద్దూ చెప్పల్యా. అమ్మ అదే మనసులో పెట్టుకోని కుములుతాంది. నిజమేనా?"

నేను లేచి బయటికి వచ్చిన. ఈపారి నోరు లేచింది. చెప్పిన. డబ్బా సంగతి, గ్లాసు సంగతి, గచ్చు సూసిన సంగతి. మొత్తం ఇన్నంక అన్నడు, "ఇది నువ్వు నోటితో చెప్తే మా వీధోళ్ళు నమ్మరు. రాసియ్యి. నీ పేరుతో రాసియ్యి, అమ్మకి చదివి వినిపిస్తా. నలుగురూ చదివేట్టు రాయి." నాకు రాసుడు రాదన్న. "నాకదంతా తెలీదు" అని పెట్టేసిండు. మళ్ళ చెయ్యలె.

రాసిన. ఒత్తులు, దీర్ఘాలు తప్పు వోతె సదువుకున్నోళ్ళు మన్నించుండ్రి, మీరే సక్కగ చేసుకొని సదువుకోండ్రి. ఒక్క ముక్క మాత్రం ఎవ్వలు దిద్దకుండ్రి, అది నేను నాలుగుమాట్ల సూసుకొని రాసిన. ఆ నీళ్ళల్ల మందు పోసింది లింగం. దస్తగిరి కాదు.