కనుబొమలు ఆఖర్న

మా మేనత్త పోలీసులకు బొమ్మలు గీసేది. నేరస్తుణ్ణి చూసినవాళ్ళు ఆనవాళ్ళు చెబుతుంటే ఆవిడ పెన్సిల్ కదిలేది. కనుబొమలు మాత్రం ఆఖర్న గీసేది. "భయపడ్డవాళ్ళు ముందు వాటి గురించే చెబుతార్రా. ఎవర్ని అడిగినా రాక్షసుడి కనుబొమలే చెబుతారు" అనేది. ఇంట్లో ఎవరి మాటా పూర్తిగా వినని మనిషికి అక్కడ మాత్రం ఎక్కడలేని ఓపిక.

ఒకసారి మా పేటలో ఒంటరి ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. పాలలో విషం కలిపి అందరినీ చంపింది ఒక్కరేనని తేలింది. ఇన్‌స్పెక్టర్ మా వీధి చివర గడియారాలు బాగుచేసే అతన్ని లోపల వేశాడు. పెళ్ళి కాలేదు, ఊరికి కొత్త, ఎవరితోనూ మాట్లాడడు, పైగా కలిసిపోయిన కనుబొమలు. ఇంకేం కావాలి! "మొహం చూస్తేనే తెలియట్లా?" అంది వీధి వీధంతా. మా అమ్మ కూడా అంది.

ఇంతలో, చావు తప్పించుకున్న ఒక అవ్వ ఆసుపత్రిలో కళ్ళు తెరిచింది. అత్తను పిలిచారు. ఆవిడ ఇన్‌స్పెక్టర్‌ను బయటికి పంపేసి, మొహం ఊసెత్తకుండా, "ఆ రోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారవ్వా? ఏం మాట్లాడారు?" అని మొదలుపెట్టింది. ఎవరో నర్సమ్మట. తల దువ్విందట, కబుర్లు చెప్పిందట, పాలు తాగించిందట. బొమ్మ పూర్తయ్యేసరికి కాగితం మీద గుండ్రటి మొహంతో నవ్వుతున్న ఆడమనిషి.

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. "ఇలా వరసపెట్టి చంపేవాళ్ళు నూటికి తొంభై మంది మగాళ్ళేనమ్మా. అవ్వకు చూపు ఆనదు. మళ్ళీ గీయండి."

"మిగతా పదిమందికి మొహాలుండవా సార్?" అంది అత్త. "నేను విన్నది గీశాను. మీకు కావలసింది గీయాలంటే ఇంకొకర్ని చూసుకోండి."

ఉద్యోగం ఊడుతుందని ఇంటిల్లిపాదీ గోల. అయినా ఆవిడ బొమ్మ మార్చలేదు. నాకు మాత్రం అత్తను చూస్తే గర్వంగా అనిపించింది.

ఆ బొమ్మతోనే హంతకురాలు దొరికింది, ఇంకో ముసలమ్మకు తల దువ్వుతూ.

గడియారాలతను ఇంటికొచ్చాడు. కానీ అతని కొట్టు గడప తొక్కినవాళ్ళు లేరు. తప్పు లేదని తెలిసినా ఆ కనుబొమలు ఎవరికీ నచ్చలేదు. కొట్టు మూసేసి వెళ్ళిపోతాడని విని అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. చేతి గడియారం విప్పి అతని ముందు పెట్టింది.

అతను చెవి దగ్గర పెట్టుకుని, "బాగానే నడుస్తోందిగా అమ్మా!" అన్నాడు.

"తెలుసు నాయనా. నిదానంగా చూడు" అంటూ అత్త స్టూలు లాక్కుని, వీధిలో అందరికీ కనబడేలా అతని పక్కనే కూర్చుంది.